త్వరగా కుళ్ళని ఆకు కావాలి: హోండురాస్ కొండవాలు మీద ఒక మొక్కజొన్న చేను కేసు

నేపథ్యం

హోండురాస్ ఉత్తర తీరంలో, కరీబియన్ సముద్రం పక్కనే నోంబ్రె దే దియోస్ కొండల వరస సాగుతుంది. కింద చదును నేలంతా అరటికి, పామాయిల్‌కి, పశువుల బీళ్ళకి పోయింది. చిన్న రైతుకు మిగిలింది వాలు. ఈ కేసు అలాంటి వాలు మీద మొక్కజొన్న, చిక్కుడు గింజలు పండించుకుని తినే ఒక కుటుంబానిది. ఊరు, పేర్లు, ఇంటిని గుర్తుపట్టించే వివరాలు తీసేశాం. చేనుకు సంబంధించినవి మాత్రం ఉంచాం.

భూమి ఒకటిన్నర మంజానా. మంజానా అంటే సుమారు 0.7 హెక్టారు, మన లెక్కలో ఎకరా డెబ్భై సెంట్లు. వాలు దాదాపు 40 శాతం, అంటే అడ్డంగా పది మీటర్లు నడిస్తే నాలుగు మీటర్లు ఎక్కినట్టు. ఎర్ర బంకనేల, ఉదజని సూచిక (pH) 4.8, అంటే బాగా ఆమ్ల నేల. వర్షం ఏడాదికి 2,500 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్టోబరు నుంచి జనవరి వరకు కుండపోత, మార్చి నుంచి మే వరకు కాస్త తెరిపి.

సేద్యం మన పోడు లాంటిదే. పొదను నరికి, ఎండబెట్టి, కాల్చి, బూడిదలో కర్రతో గుంట పొడిచి గింజ వేస్తారు. రెండు మూడేళ్ళు పండించి వదిలేస్తే తిరిగి లేచే పొదను అక్కడ గ్వామిల్ అంటారు. పాతకాలంలో ఆ విరామం పది పదిహేనేళ్ళు ఉండేది. ఈ ఇంట్లో అది మూడేళ్ళకు కుదించుకుపోయింది. కొత్తగా నరకడానికి పైన అడవి లేదు, పక్కన ఖాళీ లేదు.

వచ్చిన ఫిర్యాదు

"నేల అలిసిపోయింది." స్పానిష్‌లో అక్కడి రైతులందరూ వాడే మాట ఇదే. కాల్చిన ఏడు పంట బాగుంటుంది, రెండో ఏడు సగానికి పడిపోతుంది, మూడో ఏడు కూలి కూడా గిట్టదు. సలహా ఇవ్వడానికి వెళ్ళిన మమ్మల్ని కుటుంబం అడిగింది ఎరువుల కోసం అప్పు.

అడిగింది అడిగినట్టు ఇస్తే పని తేలిక. కానీ ఎక్కడో పొసగలేదు. కాల్చినప్పుడు వచ్చే బూడిదలో సున్నపు గుణం, పొటాష్, కొంత భాస్వరం ఉంటాయి. ఆమ్ల నేలకు అవి తాత్కాలికంగా ప్రాణం పోస్తాయి. ఆ వర్షానికి ఒకటి రెండు పంటల్లో చాలాభాగం కొట్టుకుపోతాయి. ఇంతవరకు "అలిసిపోయింది" అన్నమాట నిజమే. కానీ ఇంటి పనిదినాలు లెక్క వేస్తే ఇంకోటి బయటపడింది. మొదటి ఏడు కలుపుకు ఒక విడత సరిపోయేది. మూడో ఏటికి మూడు విడతలు తీసినా గడ్డి పైచేయిగానే ఉండేది. మరి చేను వదిలేస్తున్నది సారం లేకనా, గడ్డితో వేగలేకనా?

తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి పెట్టాం. మూడో ఏటి చేనులోనే, వాలుకు అడ్డంగా, ఒక్కోటి ఐదు మీటర్ల వెడల్పుతో మూడు పట్టీలు. మొదటిది ఎప్పటిలాగే. రెండోదానికి ఎరువు వేసి, కలుపు ఎప్పటిలాగే తీయించాం. మూడోదానికి చారెడు ఎరువు కూడా లేదు, కానీ పది రోజులకోసారి గడ్డిని చేత్తో పీకించాం. ఎరువు పట్టీలో ముందు నల్లబారి పెరిగింది గడ్డి. మూడో పట్టీలో కండెలు మిగతా రెంటికన్నా స్పష్టంగా బరువుగా వచ్చాయి. అయితే ఆ పట్టీలో కూడా లేత మొక్కల అడుగు ఆకులు ఊదా రంగుకు తిరిగాయి. భాస్వరం అందడం లేదని దాని గుర్తు. ఆమ్ల బంకనేలల్లో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుంటాయి. నేలలో ఉన్నా వేరుకు దొరకదు.

ఒక సీజను, ఒక చేను, మూడే పట్టీలు. పరిశోధనగా ఇది నిలవదు. కానీ ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి సరిపోయింది. మొదటి శత్రువు గడ్డి, రెండోది భాస్వరం కొరత. ఎరువుల అప్పు అప్పుడే తీసుకుని ఉంటే గడ్డిని మేపినట్టు అయ్యేది.

మొదటి ప్రయత్నం: దూలగొండి

గడ్డిని అణచాలంటే నేలను కప్పాలి. ఆ తీరంలో అందుకు తెలిసిన పంట ఉంది. ఫ్రిహోల్ దే అబోనో, అంటే ఎరువు చిక్కుడు. మన దూలగొండి జాతే, దురద పెట్టని రకం. ఆసియా తీగ ఇది. గత శతాబ్దంలో అరటి తోటల్లో కంచరగాడిదలకు మేతగా వాడకంలోకి వచ్చి, తర్వాత కొండ రైతుల చేతికి చిక్కింది. వాళ్ళ పద్ధతి ముచ్చటగా ఉంటుంది. తీగ ఏడాది పొడవునా చేనంతా కమ్ముతుంది. డిసెంబరులో దాన్ని కత్తితో నరికి అక్కడే పరిచి, ఆ మెత్తలో మొక్కజొన్న విత్తుతారు. రాలిన గింజల నుంచి తీగ మళ్ళీ తనంతట తానే లేస్తుంది. కాల్చే పని లేదు.

మీటరుకు మీటరు దూరంలో గుంటకు రెండు గింజలు వేశారు. రెండేళ్ళు బాగా నడిచింది. మూడో ఏడు మూడు చోట్ల తిరగబడింది.

మొదటిది కమినదోరా. స్పానిష్‌లో ఆ పేరుకు అర్థం "నడుచుకుంటూ వచ్చేది". మనిషి ఎత్తు దాటే ఏకవార్షిక గడ్డి. కాండం మీది నూగు చర్మంలో గుచ్చుకుని మండుతుంది, కాబట్టి చేత్తో పీకడానికి ఎవరూ ముందుకు రారు. దూలగొండి నరికిన నాటి నుంచి మొక్కజొన్న కమ్ముకునే దాకా నేలకు వెలుతురు తగులుతుంది, దానికి ఆ సందు చాలు. పచ్చి తీగ ఆకు పలచన, నత్రజని ఎక్కువ, కొన్ని వారాల్లోనే కుళ్ళిపోతుంది. మెత్త పలచబడినచోటల్లా గడ్డి పైకొచ్చింది, పైగా కుళ్ళిన ఆకు ఇచ్చిన నత్రజని తాగి వచ్చింది. రెండోది, గట్టి వానలకు చేను కింది అంచున ఒక ముక్క జారింది. పైన మెత్త వాన నీటిని కిందికి దింపుతుంటే, ఆ తడిసిన మట్టిని పట్టి ఉంచే లోతైన వేరు లేదు. 1998లో మిచ్ తుపానుకు కొండలు జారడం చూసిన ఊళ్ళలో జనం జారిన నేలను మళ్ళీ నమ్మరు. మూడోది తిండి. తీగ చేనంతా ఆక్రమిస్తే చిక్కుడుకు చోటుండదు, దూలగొండి గింజేమో అందులోని ఎల్-డోపా అనే రసాయనం వల్ల కూరకు పనికిరాదు.

రెండో ప్రయత్నం: గిరిపుష్పం

జారుడు చూశాక చెట్టు వేరు కావాలన్నది తేలిపోయింది. వరుసగా చెట్లు, మధ్య పంట. ఇంటి కంచెలో గిరిపుష్పం ఉండనే ఉంది. అక్కడ మద్రెయాదో అంటారు. కొమ్మ పాతితే నాటుకుంటుంది, నారు పెంచే బాధ లేదు. మన దగ్గర పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచేది ఇదే. మీటరున్నర కొమ్మలు నాటి, ఏడాది తర్వాత నరికి ఆకు పరిచారు.

ఈ అడుగు తప్పింది. తప్పు రైతుది కాదు, సలహా ఇచ్చినవాళ్ళది. పచ్చిరొట్ట అనగానే మన బుర్రలో వచ్చే లెక్క వరి మడిది. జీలుగ, జనుము, పిల్లిపెసర ఏదైనా సరే, ఎంత తొందరగా కుళ్ళితే అంత మంచిది. నీళ్ళలో కలియదున్నే చోట అది సరే. ఇక్కడ దున్నడం లేదు, ఆకు పైనే ఉండాలి, ఉండి గడ్డిని కప్పాలి. గిరిపుష్పం ఆకు మూడు నాలుగు వారాలకే మాయమై ఈనెలు మాత్రం మిగిలాయి. మొక్కజొన్న మోకాలెత్తులో ఉండగానే నేల బోసిపోయింది. పైగా అల్యూమినియం ఎక్కువున్న ఆమ్ల నేలలో గిరిపుష్పం సరిగా ఎదగదు. కంచె దగ్గర ఏపుగా ఉన్నది, వాలు మధ్యలో పుల్లలా నిలబడింది. చెట్ల వరసల మధ్య సేద్యం గురించి తొలినాటి ఆశలన్నీ ఇంతకన్నా మెరుగైన నేలల మీద కట్టుకున్నవి.

దీంతో కావలసిన చెట్టు లక్షణాలు రాసుకోగలిగాం. ఆమ్ల నేలను తట్టుకోవాలి. రెండేళ్ళలో వరసలు కలిసిపోయేంత నీడ ఇవ్వాలి. ఏటా నరికినా చిగురించాలి. ఆకు మందంగా, నెలల తరబడి కుళ్ళకుండా ఉండాలి. గాలిలోని నత్రజనిని పట్టి స్థిరీకరించేదైతే మేలు. ఈ ఐదూ కలిసేది ఆ కొండల్లో ఇంగా, ఊరివాళ్ళ మాటలో గ్వామా.

మూడోది: ఇంగా వరసలు

ఇంగా మనకు పూర్తిగా పరాయిది కాదు. మన సీమచింత కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే, ఒకప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని ఇంగా దుల్సిస్ అనే పిలిచారు. గ్వామా కాయ పగలగొడితే నల్లటి గింజ చుట్టూ తెల్లటి దూది లాంటి తియ్యటి గుజ్జు. సీమచింత తిన్న నోటికి కొత్తగా ఉండదు. ఇంగా వరసల సేద్యాన్ని 1980ల చివరి నుంచి కోస్టారికా, హోండురాస్‌లలో పరీక్షించి నిలబెట్టింది బ్రిటిష్ పర్యావరణ శాస్త్రవేత్త మైక్ హ్యాండ్స్. దూరాలు, కత్తిరింపు ఆయన పద్ధతినే అనుసరించాం.

ముందు తేల్చుకోవలసింది సాంకేతికం కాదు, తిండి. ఇంగా నీడ కమ్మేదాకా రెండేళ్ళు ఆ నేల నుంచి సరైన పంట రాదు. ఒకటిన్నర మంజానాలో మూడో వంతు కూడా వదులుకోలేమన్నారు. చివరికి సగం మీద ఒప్పందం కుదిరింది, ఒక షరతుతో. మొదటి వానాకాలం చెట్లు చిన్నగా ఉండగా వరసల మధ్య ఒక మొక్కజొన్న పంట తీసుకుంటారు. ఇది మాకూ లాభమే. పంట కోసం కలుపు తీస్తే మొక్కల చుట్టూ కూడా తీసినట్టే.

విత్తనం దగ్గర మొదటి దెబ్బ తగిలింది. తొలి కాయల గింజలను ఇంట్లో చిక్కుడు గింజల్లాగే కడిగి, గోనె మీద ఎండబెట్టి, డబ్బాలో దాచారు. ఒక్కటీ మొలవలేదు. ఇంగా గింజకు నిద్రావస్థ లేదు, ఎండితే చచ్చిపోతుంది. పండిన కాయ విప్పితే కొన్ని గింజలు లోపలే మొలకెత్తి, తెల్లటి వేరు గుజ్జులోకి దూరి కనిపిస్తాయి. రెండో విడత కాయ కోసిన రోజే గుజ్జు తీసి, తడి గోనెలో ఉంచి, మర్నాడే సంచుల్లో వేశారు. సంచి మట్టిలో నాలుగో వంతు పెద్ద ఇంగా చెట్టు కింది మట్టి కలిపించాం, వేరుబుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవులూ, వేరుకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రమూ దాంతోపాటు వస్తాయని. అర హెక్టారుకు 2,500 మొక్కలు కావాలి, 3,000 సంచులు నింపారు. మిగిలినవి చచ్చినచోట నాటడానికి.

వరసలు సమతల రేఖ మీద, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో రావాలి. దానికి ఏ-ఫ్రేమ్ చాలు. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కట్టి, మధ్యలో అడ్డకర్ర, శిఖరం నుంచి రాయి కట్టిన తాడు. తాడు ఎక్కడ ఆగితే సమతలమో ముందు గుర్తు పెట్టాలి. కాళ్ళు రెండు చోట్ల ఆనించి తాడు తగిలినచోట గీత పెట్టి, కాళ్ళు తారుమారు చేసి ఇంకో గీత పెడితే, రెండింటికీ నడిమి బిందువే సమతలం. ఈ తారుమారు మానేసి అడ్డకర్ర మధ్యనే గుర్తు పెట్టేవాళ్ళు ఎక్కువ. కర్రల పొడవులో చిన్న తేడా ఉన్నా వరస మెల్లగా కిందికి దిగి, వాన నీటికి కాలవ అవుతుంది. వరసల మధ్య నాలుగు మీటర్లు అడ్డంగా కొలవాలి. 40 శాతం వాలు మీద అది నేల మీద 4.3 మీటర్లకు పడుతుంది. వరసలో మొక్కకు మొక్కకు అర మీటరు.

గుంటకు గుప్పెడు రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతి పొడి), దాదాపు 100 గ్రాములు, మొత్తం 250 కిలోలు. సూపర్ ఫాస్ఫేట్ ఎందుకు కాదంటే, కరిగే భాస్వరాన్ని ఈ మట్టి వెంటనే కట్టిపడేస్తుంది, రాయి మాత్రం ఆమ్లంలో మెల్లగా కరుగుతుంది. సున్నం ఎక్కువ వేస్తే ఆ కరగడమే ఆగుతుంది కనుక అది వేయలేదు. కుటుంబం అడిగిన అప్పులో ఖర్చయింది దీనికే.

నాటిన రెండో నెలలో ఆకు కత్తిరించే చీమలు, అక్కడి మాటలో సోంపోపో, ఒక్క రాత్రిలో రెండు వరసలు గుల్ల చేశాయి. మందు కొట్టే ఆలోచన వదిలి, దారి పట్టుకుని పుట్టను వెతికి, చిన్నది కావడంతో రాణి దాకా తవ్వించాం. అంచుల్లో తమ్మకాయ వేశారు. ఆ ఆకు చీమలు పెంచుకునే బూజుకు పడదని అక్కడి రైతులకు బాగా తెలుసు. కాసిన్ని మొక్కలు పోయాయి, దాచిన సంచులు అక్కరకొచ్చాయి.

ఇరవై రెండో నెలకు వరసలు పైన కలిసిపోయాయి. కింద కమినదోరా ముందు పాలిపోయి, సన్నబడి, పడిపోయింది. వెలుతురు లేనిచోట ఆ గడ్డి బతకదు. ఇంకో లాభం అంతకన్నా పెద్దది. దాని గింజ మట్టిలో మూడు నాలుగేళ్ళకు మించి నిలవదు. రెండేళ్ళు కొత్త గింజ రాల్చనివ్వకపోతే మట్టిలో దాగిన గింజల నిల్వ సగం తరిగినట్టే. దూలగొండి ఏడాదికోసారి సందు ఇచ్చి ఆ నిల్వను మళ్ళీ నింపింది. ఇంగా నింపనివ్వలేదు.

మొదటి కత్తిరింపులో రెండో దెబ్బ. గిరిపుష్పం అలవాటుతో మూడు వరసలు మోకాలెత్తున ఆకు లేకుండా నరికేశారు. వాటిలో చాలా చెట్లు మళ్ళీ చిగురించలేదు. ఇంగా మొదట్లో దాచుకునే ఆహారం తక్కువ, ఊపిరికి ఒక కొమ్మ ఉంచాలి. మిగతా వరసలను ఛాతీ ఎత్తున, ఒక్కో చెట్టుకు ఆకులున్న కొమ్మ ఒకటి వదిలి నరికారు. ఆకు దూసి కింద పరిచారు, కట్టె ఇంటికి పోయింది. ఆ కట్టె సంగతి అంచనాలో రాసుకోనేలేదు. పొయ్యి కట్టెల కోసం గంటల దూరం నడిచే ఇంటి ఆడవాళ్ళకు ఈ చేను మీద నమ్మకం కుదిరింది మొక్కజొన్న పొత్తు చూసి కాదు, ఆ మోపు చూసే.

జాన మందం మెత్త పడింది. దాన్ని కదిలించకుండా కర్ర మొన ఆకు దాటి మట్టిని తాకేదాకా గుచ్చి, గుంటకు రెండు మూడు గింజలు. నాలుగు మీటర్ల సందులో 80 సెంటీమీటర్ల దూరంతో నాలుగు సాళ్ళు సరిపోతాయి, చెట్టుకు అటూ ఇటూ 80 వదిలి. కలుపు తీయడం ఒక్కసారి, అదీ అక్కడక్కడ లేచిన తీగలను చేత్తో లాగడమే. ఆరో వారానికి ఇంగా చిగుళ్ళు మొక్కజొన్న మీద నీడ పట్టడం మొదలుపెట్టాయి, వాటిని ఒకసారి తుంచారు. ఇది మరిచిపోతే చెట్టు పక్క సాళ్ళు గొడ్డుపోతాయి.

పంట కుటుంబం లెక్కలో "కాల్చిన ఏటి పంట అంత". రెండో ఏడు, మూడో ఏడు కూడా అంతే. పెరగలేదు, తగ్గనూ లేదు. కాల్చిన నేల మీదైతే మూడో ఏడు కూలి కూడా గిట్టేది కాదు, ఇక్కడ తగ్గకపోవడమే వాళ్ళకు వింత. కోత తర్వాత ఒక మొక్క మొదట్లో మెత్త ఎత్తి చూపించాం. పై ఆకులు గోధుమ రంగులో తోలులా ఉన్నాయి, ఇంకా కుళ్ళలేదు. వాటి కింద నల్లటి తడి పొర, అందులో మొక్కజొన్న తెల్లటి సన్న వేళ్ళు వలలాగా అల్లుకుని ఉన్నాయి. కింద ఎర్రమట్టిలోకి దిగినవి కొద్ది. పంట తింటున్నది మట్టిని కాదు, ఆ నల్ల పొరను. అల్యూమినియం బాధ, భాస్వరం బంధనం రెండూ మట్టిలో ఉన్న సమస్యలు, ఆ పొరలో కావు.

పాఠాలు, పరిమితులు

మళ్ళీ చేస్తే పట్టీల పరీక్ష మొదటి ఏడే పెడతాం, గిరిపుష్పం అడుగు వేయనే వేయం. చెట్టును ఎంచేముందు ఆ ఆకును గోనె వల సంచిలో వేసి నేల మీద వదిలి, ఎనిమిది వారాల తర్వాత ఎంత మిగిలిందో చూస్తే ఆ ఏడాది మిగిలేది. అరకిలో ఆకు, ఒక సంచి, ఒక తక్కెడ. అంతే ఖర్చు.

ఈ పద్ధతి వాన ఉన్నచోటిది. దేశం దక్షిణాన, పశ్చిమాన ఉన్న ఎండు మెట్టల్లో ఇంగా వరసలు పంటతో నీళ్ళకు పోటీ పడతాయి. అక్కడ లెంపీరా కొండల కెసుంగ్వాల్ పద్ధతి వేరే ఉంది. సహజంగా లేచిన చెట్లను చెల్లాచెదురుగా ఉంచి, నరికిన ఆకును పరిచి, కాల్చకుండా విత్తుతారు. కౌలు నేల మీద కూడా ఇంగా పెట్టించకూడదు. చెట్టు నాటితే హక్కు అడుగుతాడని యజమాని అనుమానిస్తాడు, మూడో ఏడు నేల లాక్కుంటాడు. ఈ కుటుంబానికి కాగితం ఉంది గనుక కుదిరింది.

మన మన్యంలో పోడు గురించి ఆలోచించేవాళ్ళు ఇది చదివి ఇంగా గింజలు తెప్పించుకోవలసిన పని లేదు, అవి ప్రయాణంలోనే చస్తాయి కూడా. మన వాలుల మీదే నెమ్మదిగా కుళ్ళే ఆకున్న చెట్లున్నాయి, వల సంచి పరీక్ష వాటికీ పనిచేస్తుంది.

మిగిలిన సగం నేల మీద ఇంగా పెట్టాలా అన్నది ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న చర్చ. చిక్కుడుకు వెలుతురు చోటు కావాలని తల్లి, మొత్తం పెట్టేద్దామని కొడుకు. ఈలోగా చేను పై అంచున పన్నెండు చెట్లను నరకకుండా వదిలారు, కాయకు. పక్కవాళ్ళు అప్పుడే కాయలు అడిగి వెళ్ళారు. పండినరోజే కబురు చేస్తాం, ఆ రోజే రండి, ఎండబెట్టకండి అని చెప్పి పంపారు.